మత్తుమందు లేని మత్తుమందు కేసు: ముడిసరుకు దగ్గరుంటే నేరమా?

ఒక షెడ్డుపై పోలీసులు దాడి చేస్తారు. లోపల నాలుగు రసాయన డ్రమ్ములు, కొన్ని గాజు ఫ్లాస్కులు, ఒక తూకం యంత్రం దొరుకుతాయి. మత్తుమందు గ్రాము కూడా కనిపించదు. అయినా మర్నాడు పత్రికల్లో ‘డ్రగ్స్ తయారీ గుట్టు రట్టు’ అన్న శీర్షిక వస్తుంది, పట్టుబడినవాళ్లు జైలుకు వెళ్తారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ కేసు అని వాళ్ల తరఫు న్యాయవాది వాదిస్తాడు. సరుకు తయారయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే అది వీధుల్లోకి చేరాక ఏం పట్టుకుంటామని పోలీసులు అడుగుతారు.

ఇద్దరి మాటలోనూ బలముంది. తయారైన హెరాయిన్ దొరికితే ఆ వస్తువే నేరానికి సాక్ష్యం, దాన్ని అనుమతి లేకుండా ఉంచుకోవడానికి సమర్థన అంటూ ఉండదు. ముడిసరుకు సంగతి వేరు. డ్రమ్ములో ఉన్న ద్రవానికి, గాజు ఫ్లాస్కుకు ఏ పాపమూ తెలియదు. వాటిని నేరంగా మార్చేది దగ్గరుంచుకున్న మనిషి ఉద్దేశం. మనసులో ఉన్నదాన్ని కోర్టులో ఎలా రుజువు చేయాలి, రుజువు భారం ఎవరి మీద వేయాలి అన్నదగ్గరే ఒక్కో దేశపు చట్టం ఒక్కో దారి పట్టింది.

ముడిసరుకు అంటే ఏవేవి?

చట్టాల్లో సాధారణంగా మూడు రకాల వస్తువులు కనిపిస్తాయి. మొదటిది ప్రికర్సర్. తయారయ్యే మత్తుమందు అణువులో తానే భాగమైపోయే రసాయనానికి ఈ పేరు. ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణలు. జలుబు, ముక్కుదిబ్బడ మందుల్లో ఇవి ఉంటాయి, మెథాంఫెటమిన్ అనే మత్తుమందు తయారీలోనూ ఇవే వాడతారు. రెండో రకం తయారీకి తోడ్పడే ద్రావకాలు, ఆమ్లాలు. అసిటోన్, టోలుయిన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఈ కోవలోవి. రంగుల పరిశ్రమ నుంచి బ్యాటరీల దాకా ఇవి లేని చోటు తక్కువ. మూడో రకం పరికరాలు: గాజుసామగ్రి, మాత్రలు అచ్చువేసే యంత్రాలు, క్యాప్సూళ్లు నింపే యంత్రాలు.

ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అనే ఒక్క రసాయనాన్ని దగ్గరగా చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. రంగులేని ద్రవం, ముక్కు అదిరేంత ఘాటైన వెనిగర్ వాసన. ఆస్పిరిన్ తయారీకి ఇది కావాలి. సిగరెట్ ఫిల్టర్లలో వాడే సెల్యులోజ్ ఎసిటేట్‌కూ కావాలి. మార్ఫిన్‌ను హెరాయిన్‌గా మార్చేదీ ఇదే. కర్మాగారం గేటు దాటి బయటికి వచ్చిన డ్రమ్ము ఆస్పిరిన్ దారి పట్టిందా, హెరాయిన్ దారి పట్టిందా అన్నది ద్రవాన్ని పరీక్షించి చెప్పలేం. సక్రమ వ్యాపారం నుంచి అక్రమ దారిలోకి సరుకు జారిపోవడాన్ని అధికారులు ‘మళ్లింపు’ అంటారు. ప్రికర్సర్ చట్టాలన్నీ ఈ మళ్లింపు చుట్టూ తిరిగేవే.

అందరి చట్టాలకూ మూలం: 1988 వియన్నా ఒప్పందం

1988 డిసెంబరు 20న వియన్నాలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల అక్రమ రవాణా వ్యతిరేక ఒప్పందం ఖరారైంది. 1990 నవంబరు 11 నుంచి అమల్లోకి వచ్చింది. 1961, 1971 నాటి పాత ఒప్పందాలు ప్రధానంగా మత్తుమందుల మీదే దృష్టి పెట్టాయి. 1988 ఒప్పందం వాటి వెనక ఉన్న రసాయనాల దాకా వెళ్లింది. దాని 12వ అధికరణకు రెండు పట్టికలున్నాయి. ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ వంటి ప్రికర్సర్లు మొదటి పట్టికలోవి, వాటిపై నిఘా ఎక్కువ. అసిటోన్, టోలుయిన్, ఆమ్లాల వంటివి రెండో పట్టికలోవి. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, పొటాషియం పర్మాంగనేట్ మొదట్లో రెండో పట్టికలోనే ఉండేవి. హెరాయిన్, కొకైన్ తయారీలో వాటి పాత్ర చూసి 2001లో మొదటి పట్టికకు ఎక్కించారు.

నేరాలు ఏవో చెప్పేది 3వ అధికరణ. ఇందులో చాలామంది గమనించని ఒక తేడా ఉంది. అక్రమ తయారీకి వాడతారని తెలిసి పరికరాలు, రసాయనాలు తయారుచేయడం, రవాణా చేయడం, పంపిణీ చేయడం నేరంగా ప్రకటించడం సభ్యదేశాలకు తప్పనిసరి. అలా తెలిసి దగ్గర ఉంచుకోవడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఆయా దేశాల రాజ్యాంగ సూత్రాలకు, న్యాయవ్యవస్థ మౌలిక భావనలకు లోబడి’ అన్న షరతు చేరింది. అమ్మినవాడి చేత అమ్మకమనే పని జరిగింది. ఉంచుకున్నవాడు ఇంకా ఏమీ చేయలేదు. ఆ దశలో శిక్షించాలా వద్దా అన్నది ఆయా దేశాల విచక్షణకు వదిలారు.

అదే అధికరణలో మరో చిన్న వాక్యం ఉంది. ఎరుక, ఉద్దేశం, ప్రయోజనం అనే మూడింటినీ కళ్లెదుట కనిపించే పరిస్థితుల నుంచి ఊహించవచ్చని అది చెబుతుంది. ఎవరూ నోటితో ఒప్పుకోనక్కరలేదు. ఎంత పరిమాణం, ఏ ఏ వస్తువులు ఒక్కచోట చేరాయి, లేబుళ్లు చింపారా, తప్పుడు పేరుతో కొన్నారా, ఫోనులో ఏ సందేశాలున్నాయి అన్నవన్నీ ఆ ఊహకు మెట్లు. ఈ కేసుల్లో విచారణ సింహభాగం ఈ మెట్ల లెక్కతోనే గడుస్తుంది.

భారత్ ఎంచుకున్న దారి: జాబితా, రిజిస్ట్రేషన్, ఉల్లంఘన

మన మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచేది, 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అప్పట్లో అందులో ప్రికర్సర్ల ప్రస్తావన లేదు. 1989 సవరణతో సెక్షన్ 9ఏ, సెక్షన్ 25ఏ చేరాయి. ‘నియంత్రిత పదార్థం’ అనే కొత్త వర్గం పుట్టింది. మత్తుమందుల తయారీలో వాడే అవకాశముందని కేంద్రం నోటిఫికేషన్ ద్వారా ప్రకటించిన పదార్థమే నియంత్రిత పదార్థం. ప్రకటించనిది, ఎంత ప్రమాదకరమైనదైనా, ఈ వర్గంలోకి రాదు.

సెక్షన్ 9ఏ కింద కేంద్రం ఆదేశాలు జారీ చేస్తుంది. 1993లో ఒక ఆదేశం వచ్చింది. ఇప్పుడున్నది 2013 మార్చిలో వచ్చిన నియంత్రిత పదార్థాల ఆదేశం. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ వంటి పదార్థాలతో వ్యాపారం చేసేవాళ్లు నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దగ్గర నమోదు చేసుకుని ప్రత్యేక రిజిస్ట్రేషన్ సంఖ్య తీసుకోవాలి, రికార్డులు రాయాలి, రవాణాకు కన్‌సైన్‌మెంట్ నోటు, అంటే సరుకు వెంట ఉండే వివరాల కాగితం, ఉండాలి. ఆదేశాన్ని మీరితే సెక్షన్ 25ఏ: పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. కారణాలు రాసి కోర్టు అంతకు మించీ జరిమానా వేయవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యానులో 200 లీటర్ల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ దొరికింది. యజమానికి రిజిస్ట్రేషన్ లేదు, కన్‌సైన్‌మెంట్ నోటు లేదు. ఇక్కడ హెరాయిన్ తయారీ గురించి ప్రాసిక్యూషన్ ఒక్క మాటైనా నిరూపించనక్కరలేదు. ఆదేశం ఉల్లంఘన జరిగితే చాలు, 25ఏ కింద కేసు నిలుస్తుంది. ఆ ద్రవం నిజంగా ఆస్పిరిన్ కంపెనీకే వెళ్తున్నా సరే, కాగితాలు లేకుండా వెళ్లడమే నేరం. ఇతర దేశాల్లో ‘తయారుచేసే ఉద్దేశంతో ఉంచుకోవడం’ అనే పేరుతో ఉన్న సూటి నేరానికి మన చట్టంలో ప్రత్యేక సెక్షన్ లేదు. జాబితా, కాగితాలు అన్న రెండు గుంజల మీదే మన పందిరి నిలబడింది.

దీనివల్ల శిక్షల్లో ఒక వింత అసమానత వచ్చింది. హెరాయిన్ 250 గ్రాములు దాటితే అది ‘వాణిజ్య పరిమాణం’: కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల శిక్ష. బెయిలు విషయంలో సెక్షన్ 37 అడ్డం పడుతుంది, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుక కారణాలున్నాయని కోర్టుకు తోస్తేనే విడుదల. వందల కిలోల హెరాయిన్‌కు సరిపడే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ ట్యాంకరుతో దొరికినవాడికి 25ఏ కింద కనీస శిక్ష అంటూ లేదు. నియంత్రిత పదార్థాలకు వాణిజ్య పరిమాణం అనే కొలతా లేదు. సెక్షన్ 37 పాఠంలో 25ఏ పేరు కూడా లేదు. అందుకే దర్యాప్తు సంస్థలు ఇలాంటి కేసుల్లో కుట్ర వంటి ఇతర సెక్షన్లను జోడించాలని చూస్తాయి, నిందితుల న్యాయవాదులు వాటిని ఊడదీయాలని చూస్తారు. బయటివాళ్లకు సాంకేతిక వాదనలా కనిపించే ఈ పెనుగులాటలో తేలేది నిందితుడు ఇంటికి వెళ్తాడా, లోపలే ఉంటాడా అన్నది.

సెక్షన్ 54: సంజాయిషీ చెప్పలేకపోతే

మన చట్టంలో ముడిసరుకుకు సంబంధించి అతి పదునైన నిబంధన సెక్షన్ 54 అని నా అభిప్రాయం. దీని ప్రకారం కొన్ని వస్తువులు ఒకరి స్వాధీనంలో దొరికి, అవి ఎందుకున్నాయో వాళ్లు సంతృప్తికరంగా చెప్పలేకపోతే, వాళ్లు నేరం చేశారని కోర్టు భావించవచ్చు. ఆ వస్తువుల వరుస చూడండి. మత్తుమందులు, నియంత్రిత పదార్థాలు సరే. తరవాత మత్తుమందు తయారీ కోసం ‘ప్రత్యేకంగా రూపొందించిన పరికరం’ గానీ ‘ప్రత్యేకంగా అమర్చుకున్న పాత్రల సముదాయం’ గానీ. ఆపైన, తయారీ దిశగా ఏదైనా ప్రక్రియకు లోనైన పదార్థాలు, తయారీ అయ్యాక మిగిలిన అవశేషాలు.

ఇక్కడ ‘ప్రత్యేకంగా’, ‘సముదాయం’ అన్న మాటలకు చాలా బరువుంది. అటక మీద ఉన్న ఒక్క కుక్కరు ఈ సెక్షన్‌లోకి రాదు. మూతకు రంధ్రం చేసి గొట్టం బిగించిన కుక్కరు, దాని పక్కనే చల్లబరిచే తొట్టి, వడగట్టే గుడ్డ, అడుగున గట్టిపడిన తెల్లటి పొడి, ఆ పొడిలో మత్తుమందు జాడ ఉందని ఫోరెన్సిక్ నివేదిక ఉంటే వస్తుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట గీత ఉంది, అది ఎక్కడన్నది ప్రతి కేసులోనూ కొత్తగా తేల్చుకోవలసిందే. విద్యార్థి కొనుక్కున్న గాజుసామగ్రిని ‘ప్రత్యేకంగా రూపొందించిన పరికరం’ అనడం కష్టం. ఆ గాజుకే అవశేషం అంటుకుని ఉంటే అదే సెక్షన్‌లోని ఇంకో భాగం పనిచేస్తుంది.

సెక్షన్ 54కు జోడు సెక్షన్ 35. దోషపూరిత మానసిక స్థితి, అంటే ఉద్దేశం, ఎరుక, నమ్మకం, నమ్మడానికి తగిన కారణం వంటివి, నిందితుడికి ఉన్నట్టే కోర్టు భావించాలని అది చెబుతుంది. లేదని నిరూపించుకునే అవకాశం నిందితుడికి ఉంది. అయితే మామూలు సివిల్ కేసుల్లోలా ‘ఇలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ’ అని చూపిస్తే చాలదు, సహేతుకమైన సందేహానికి తావులేకుండా చూపాలి. సాధారణ క్రిమినల్ చట్టంలో ప్రాసిక్యూషన్ మోసే బరువును ఇక్కడ నిందితుడి భుజాన పెట్టారు.

ఇది రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్నకు 2008లో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. రెండు సెక్షన్లూ చెల్లుతాయని చెబుతూనే ఒక పరిమితి పెట్టింది: పునాది వాస్తవాలను ముందుగా ప్రాసిక్యూషన్ నిరూపించాలి. వస్తువు ఇదే, ఫలానా చోట, ఫలానా వ్యక్తి స్వాధీనంలో దొరికింది, నమూనాలు సక్రమంగా తీశారు, సీళ్లు చెదరలేదు అన్నవి తేలాకే ఊహ మొదలవుతుంది. అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాల మీద ఆధారపడే పద్ధతికి 2020 అక్టోబరు 29న వచ్చిన మరో తీర్పు అడ్డుకట్ట వేసింది. సెక్షన్ 67 కింద నమోదు చేసిన అలాంటి వాంగ్మూలాలు శిక్షకు సాక్ష్యం కావని తేల్చింది. ముడిసరుకు కేసుల మీద దీని ప్రభావం ఎక్కువ. మనసులోని ఉద్దేశాన్ని నిందితుడి నోటితోనే చెప్పించుకునే సులువైన దారి దాంతో మూసుకుపోయింది.

దగ్గరుండటం వేరు, తెలిసి ఉండటం వేరు

స్వాధీనం అంటే చేతిలో ఉండటమే కాదు. సుప్రీంకోర్టు 2003లోనూ 2015లోనూ ఇచ్చిన తీర్పుల్లో ‘ఎరుకతో కూడిన స్వాధీనం’ గురించి వివరించింది. వస్తువు మీద అదుపు ఉండాలి, అది అక్కడుందన్న స్పృహా ఉండాలి. అద్దెకిచ్చిన గోదాములో డ్రమ్ములు దొరికితే యజమానికి అదుపూ స్పృహా ఉన్నాయా అన్నది ప్రశ్న. లారీ డ్రైవరుకు సరుకు మీద అదుపుంది, మూతల కింద ఏముందో తెలుసా అన్నది ప్రశ్న. ఒక్కసారి స్వాధీనం తేలితే, తెలియదన్న వాదన నిరూపించుకునే భారం మళ్లీ సెక్షన్ 35 మీదుగా వాళ్ల దగ్గరికే వస్తుంది.

సన్నాహమా, ప్రయత్నమా?

నేరానికి వరసగా దశలుంటాయి: ఆలోచన, సన్నాహం, ప్రయత్నం, పూర్తి. ఆలోచనకు శిక్ష లేదు. సన్నాహానికీ సాధారణంగా ఉండదు. ప్రయత్నం నుంచే చట్టం చెయ్యి చేసుకుంటుంది. మత్తుమందుతో సంబంధం లేని ఒక పాత కేసు ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. పంజాబ్ నుంచి వడ్ల ఎగుమతిపై ఆంక్షలున్న రోజుల్లో ఢిల్లీ వైపు వెళ్తున్న వడ్ల లారీని సమాల్ఖా చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. ఢిల్లీ ఇంకా 32 మైళ్ల దూరం. ఆ దారిలో ఎక్కడైనా మనసు మార్చుకుని వెనక్కి తిరిగే వీలుంది కాబట్టి ఇది సన్నాహమే, ప్రయత్నం కాదని 1968లో సుప్రీంకోర్టు వాళ్లను వదిలేసింది. 1980లో వెండి స్మగ్లింగ్ కేసులో మాత్రం సముద్రపు పాయ ఒడ్డు దాకా తెచ్చి దించుతుండగా పట్టుబడిన వెండిని ప్రయత్నంగానే లెక్కించింది.

ఈ కొలబద్దతో చూస్తే డ్రమ్ములు కొని షెడ్డులో పెట్టడం సన్నాహం, పొయ్యి వెలిగించి కలపడం మొదలుపెడితే ప్రయత్నం. ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 28 ప్రయత్నానికి పూర్తి నేరంతో సమానంగా శిక్ష వేస్తుంది. సెక్షన్ 29 కుట్రకూ అంతే, నేరం చివరికి జరగకపోయినా సరే. సన్నాహాన్ని కూడా నేరం చేసిన అరుదైన నిబంధన సెక్షన్ 30. అసలు నేరానికి ఉన్న కనీస శిక్షలో సగానికి తగ్గకుండా, గరిష్ఠ శిక్షలో సగందాకా విధించవచ్చు. నిందితుడు కృతనిశ్చయంతో ఉన్నాడని, తన చేతిలో లేని కారణాల వల్లే ఆగిపోయాడని పరిస్థితులు చెప్పాలి.

చిక్కంతా ఆ సెక్షన్ పరిధిలో ఉంది. కొన్ని ప్రత్యేక నేరాలను మినహాయిస్తే, సెక్షన్ 30 వర్తించేది వాణిజ్య పరిమాణానికి సంబంధించిన నేరాలకే. మెథాంఫెటమిన్‌కు ఆ పరిమాణం 50 గ్రాములు. ఇంకా తయారే కాని సరుకు 50 గ్రాములు దాటేదో లేదో ఎలా తూస్తాం? రసాయనాల పరిమాణం నుంచి, పాత్రల సామర్థ్యం నుంచి నిపుణుడు లెక్కగట్టాలి. ఆ లెక్క ఎలా కట్టాలో చట్టం ఎక్కడా చెప్పలేదు. అమెరికా శిక్షల మార్గదర్శకాలు ఈ అంచనాను న్యాయమూర్తికి సూటిగానే అప్పగించాయి, సరుకు దొరకనప్పుడు ప్రయోగశాల పరిమాణాన్ని, సామర్థ్యాన్ని చూసి లెక్కించవచ్చని రాశాయి.

అమెరికా చట్టంలో మూడు మెడల ఫ్లాస్కు

అమెరికా చట్టం వస్తువులను పేరు పెట్టి పిలుస్తుంది. గుండ్రటి అడుగు, మూడు మెడలు ఉన్న గాజు ఫ్లాస్కును, మాత్రల యంత్రాన్ని, క్యాప్సూల్ యంత్రాన్ని, చివరికి ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌ను కూడా పేరుపేరునా రాసి, ఆపైన ‘తయారీకి వాడదగిన మరే పరికరమైనా, రసాయనమైనా, పదార్థమైనా’ అని వల విసిరింది. అక్రమ తయారీకి వాడతారని తెలిసి, లేదా అలా వాడాలన్న ఉద్దేశంతో, లేదా అలా నమ్మడానికి ‘సహేతుక కారణం’ ఉండి దగ్గరుంచుకోవడం నేరం. జాబితాలోని రసాయనాల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ, మొదటి జాబితావైతే ఇరవై ఏళ్ల దాకా.

మూడో మాట దగ్గరే తగవు. తెలియడం నిందితుడి బుర్రలో జరిగే సంగతి. సహేతుక కారణం ఉండటం బయటివాళ్లు చూసి చెప్పే సంగతి. అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టుల్లో ఒకటైన పదో సర్క్యూట్ కోర్టు ఈ మాటలకు దాదాపు నిజంగా తెలిసి ఉండటంతో సమానమైన అర్థం చెప్పింది. మామూలు వివేకం ఉన్న మనిషి ఏమనుకునేవాడో చూస్తే చాలన్న దారి పట్టిన కోర్టులూ ఉన్నాయి.

ఈ తేడా ఎవరి మెడకు చుట్టుకుంటుందో 2005లో జార్జియా రాష్ట్రం వాయవ్య ప్రాంతంలో కనిపించింది. ‘ఆపరేషన్ మెథ్ మర్చంట్’ పేరుతో చిన్న కిరాణా దుకాణాల మీద పోలీసులు నిఘా పెట్టారు. 49 మందిపై కేసులు పెడితే వారిలో 44 మంది భారతీయులు. రహస్య కొనుగోలుదారులు జలుబు మాత్రలు, ఇంధనం వంటివి కొంటూ ‘కుక్’ ముగించడానికి కావాలని కౌంటరు దగ్గర చెప్పారు. మెథ్, అంటే మెథాంఫెటమిన్, తయారీదారుల పరిభాషలో కుక్ అంటే తయారీ. అంతంత మాత్రం ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్న గుమాస్తాలకు అది వంట అనే వినిపించిందని ప్రతివాదుల వాదన. ఇన్ని మాటలు చెప్పాక నమ్మడానికి తగిన కారణం లేదనడం కుదరదని ప్రాసిక్యూషన్ వాదన. భారతీయుల దుకాణాలనే ఎంచుకుని గురిపెట్టారని పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ ఆరోపించింది, అధికారులు కాదన్నారు. పలువురు నేరం ఒప్పుకున్నారు, కొందరిపై అభియోగాలు రద్దయ్యాయి. నాకైతే ఈ ఉదంతంలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే: సహేతుక కారణం అనే కొలబద్ద వినేవాడి భాషను, పరిసరాల పరిచయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, పరిచయం లేనివాడే ముందుగా దొరికిపోతాడు.

బ్రిటన్, కెనడా: రెండు కొసలు

బ్రిటన్ 1990 చట్టం జాబితాలోని రసాయనాలను తయారుచేయడం, ఇతరులకు సరఫరా చేయడం మీద దృష్టి పెట్టింది. అక్రమ తయారీకి వెళ్తుందని తెలిసి గానీ అనుమానించి గానీ ఆ పని చేస్తే పద్నాలుగేళ్ల దాకా శిక్ష. ఆ సెక్షన్‌లో ఊరికే దగ్గరుంచుకోవడం లేదు, దాన్ని ప్రయత్నం, కుట్ర దారుల్లో పట్టుకోవాలి. 2015లో ఇంకో మార్గం తెరిచారు. మత్తుమందుల్లో కల్తీకి వాడే బెంజోకైన్, లిడోకైన్ వంటి పొడులను, ఎవరినీ దోషిగా తేల్చకుండానే, పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు, తరవాత కోర్టు అనుమతితో జప్తు చేయించవచ్చు. సరుకు పోతుంది, మనిషికి శిక్ష ఉండదు. స్వేచ్ఛావాదులు దీన్నీ విమర్శిస్తారు గానీ, మనిషిని జైల్లో వేయడంకన్నా ఇది తక్కువ హాని చేసే ఆయుధమన్న మాట కాదనలేం.

కెనడా 2017లో రెండో కొసకు వెళ్లింది. మత్తుమందు తయారీకి వాడాలన్న ఉద్దేశంతో ‘ఏ వస్తువునైనా’ ఉంచుకోవడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం నేరమని రాసింది. జాబితాతో పనిలేదు. మాత్రల యంత్రాల దిగుమతికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పరిధిని ఎంత విశాలం చేసిందో ఉద్దేశాన్ని అంత గట్టిగా నిరూపించాలని అడిగింది. తెలిసి ఉండవలసిందనో, అనుమానం రావలసిందనో అంటే కుదరదు.

జాబితా వెంట పరుగు

జాబితా పద్ధతికి పెద్ద బలం స్పష్టత. ఏది అనుమతి లేకుండా ముట్టుకోకూడదో వ్యాపారికి ముందే తెలుస్తుంది. బలహీనతా అక్కడే ఉంది: తయారీదారుకూ ముందే తెలుస్తుంది. ఒక రసాయనం పట్టికలోకి ఎక్కగానే దానికి ఒక్క మెట్టు దూరంలో ఉన్న, పట్టికలో లేని మరోదాన్ని వాడతారు. ఫెంటనిల్ అనే మత్తుమందు తయారీకి వాడే రెండు రసాయనాలను 2017లో చేర్చారు, 2022లో మరో మూడింటిని చేర్చాల్సి వచ్చింది. సక్రమ ఉపయోగం అంటూ ఏదీ లేకుండా, జాబితాను తప్పించుకోవడానికే పుట్టించిన అణువులు కూడా బయటపడ్డాయి. అందుకే 2024 మార్చిలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ పద్ధతి కొంత మార్చింది. విడివిడి పేర్లతో పాటు, పరస్పరం దగ్గరి బంధుత్వమున్న రసాయనాల శ్రేణులను ఒకేసారి పట్టికలో చేర్చింది.

ఆంక్షలు బిగించినప్పుడల్లా నష్టపోయేది తయారీదారు ఒక్కడే కాదు. అమెరికాలో 2005 నాటి చట్టం సూడోఎఫెడ్రిన్ కొనుగోలును రోజుకు 3.6 గ్రాములకు, ముప్పై రోజులకు 9 గ్రాములకు పరిమితం చేసి, కొన్నవాళ్ల పేర్లు పుస్తకంలో రాయించింది. ఆరెగాన్ రాష్ట్రం 2006లో ఇంకా ముందుకెళ్లి డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. ఇళ్లలో నడిచే చిన్న తయారీ కేంద్రాలు తగ్గాయి, వాటితో పాటు పేలుళ్లు, విషవాయువుల ప్రమాదాలూ తగ్గాయని సమర్థకులు చెబుతారు. మెథ్ మాత్రం తగ్గలేదు, మెక్సికో నుంచి వేరే రసాయన మార్గంలో తయారై వచ్చిందని విమర్శకులు గుర్తుచేస్తారు. 2022 జనవరి నుంచి ఆరెగాన్ డాక్టరు చీటీ నిబంధనను ఎత్తేసింది.

ఇప్పుడు మొదట చెప్పిన షెడ్డులో ఒక మార్పు చేసి చూద్దాం. డ్రమ్ముల్లో ఉన్నది ఏ జాబితాలోనూ లేని కొత్త రసాయనం. అవశేషం లేదు, పొయ్యి వెలగలేదు. ఫోనులో మాత్రం తయారీ పద్ధతి గురించి, అమ్మకం ధర గురించి సందేశాలున్నాయి. కెనడాలో ‘ఏ వస్తువైనా’ అన్న మాట దీనికి సరిపోతుంది, సందేశాలు ఉద్దేశాన్ని చూపిస్తాయి. అమెరికాలో ‘మరే రసాయనమైనా’ అన్న వల ఉంది. భారత్‌లో 25ఏ వర్తించదు, ఉల్లంఘించడానికి ఆదేశమే లేదు. సెక్షన్ 54లోకి తేవాలంటే పాత్రలు ప్రత్యేకంగా అమర్చుకున్నవని చూపాలి. సందేశాలు ఇద్దరి మధ్య నడిచి, వాళ్లు చేతులు కలిపినట్టు తేలితే సెక్షన్ 29 కింద కుట్ర నిలుస్తుంది. మనిషి ఒక్కడే అయితే కుట్రకు రెండోవాడు లేడు, వెలగని పొయ్యిని ప్రయత్నమనడం కష్టం. మిగిలేది సెక్షన్ 30, అది మళ్లీ వాణిజ్య పరిమాణం లెక్క అడుగుతుంది. కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ఆ రసాయనాన్ని నియంత్రిత పదార్థంగా ప్రకటించవచ్చు. ఆ నోటిఫికేషన్ రేపటి డ్రమ్ములకు వర్తిస్తుంది, నిన్న దొరికినవాటికి వర్తించదు.